విత్తనం నుంచి ఇంటి పూలమొక్కలు

పెరట్లో, మేడమీద, బాల్కనీలో, కిటికీ గట్టుమీద కుండీల్లో పెంచుకునే పూలమొక్కలను కొమ్మ, అంటు, పిలక, దుంపలతో కాకుండా గింజ నాటి పెంచే పద్ధతి ఇది. తెలుగునాట బంతి, సీతజడ, చంద్రకాంత, శంఖుపుష్పం, కాశీరత్నం, బిళ్ళగన్నేరు, కనకాంబరం, బాల్సం, గడ్డిగులాబీ, జినియా ఇలా పెరిగేవాటిలో ముఖ్యమైనవి. గది లోపలే పెరిగే ఆఫ్రికన్ వయొలెట్, బెగోనియా కూడా గింజ నుంచి వస్తాయి. గింజ ఎంత పెద్దది, పైపొర ఎంత గట్టిది, మొలవడానికి వెలుగు కావాలా చీకటి కావాలా అన్న మూడు సంగతులు తెలిస్తే లోతు, తడి, నీడ వాటంతట అవే తేలిపోతాయి. అన్ని గింజలనూ ఒకే లోతున పాతి, ఒకేలా నీళ్ళు పోస్తే మాత్రం కొన్ని మొలుస్తాయి, కొన్ని మట్టిలోనే కుళ్ళిపోతాయి.

పూర్వాపరాలు

మన ఇళ్ళలో కనిపించే పూలమొక్కలన్నీ ఇక్కడివి కావు. బాల్సం, కనకాంబరం ఈ నేలకు సొంతమైనవి. బంతి, జినియా మెక్సికో నుంచి వచ్చాయి. చంద్రకాంత, కాశీరత్నం ఉష్ణమండల అమెరికావి. గడ్డిగులాబీ దక్షిణ అమెరికాది. బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్ దీవి. బతుకమ్మలో వరసలు వరసలుగా పేర్చే పూలలో గునుగు చేలల్లో తనంతట తాను మొలిచే కలుపు మొక్క. దాని పక్కన పెట్టే బంతి సముద్రాలు దాటి వచ్చిన గింజ. ఇంత దూరం రావడానికి మొక్కల కంటే గింజలకే వీలు ఎక్కువ. ఎండిన గింజ నెలల తరబడి సాగే ఓడ ప్రయాణాన్ని తట్టుకుంటుంది.

మొక్కను మూసిన గాజు కింద పెంచవచ్చన్న సంగతిని లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ 1829లో గమనించాడు. మూతపెట్టిన సీసాలోని మట్టిలో ఫెర్న్, గడ్డి మొలిచి, నీళ్ళు పోయకుండానే బతికాయి. లోపలి తేమ గాజుకు పట్టి మళ్ళీ మట్టిలోకే దిగడం దానికి కారణం. ఈనాడు నారు ట్రేమీద ప్లాస్టిక్ కాగితం కప్పడం వెనుక ఉన్నదీ ఇదే. భారతదేశంలో పూల విత్తనాలు పొట్లాలుగా కట్టి అమ్మే వ్యాపారం 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. పుణెలోని పోచా సంస్థ 1884లో మొదలైంది.

గింజలో జరిగేది

ఎండిన గింజ చచ్చినది కాదు, నిద్రలో ఉన్నది. తడి తగలగానే నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. లోపల ఎంజైములు మేలుకుని, దాచిన పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. మొదట బయటికి వచ్చేది వేరు. తర్వాత కాడ వంకీ తిరిగి మట్టిని తోసుకుని లేస్తుంది, బీజదళాలు విచ్చుకుంటాయి. ఆ రెండూ అసలు ఆకులు కావు. మొక్క తన పోలికలు చూపించేది ఆ తర్వాత వచ్చే జతతోనే.

మొలకెత్తడానికి నీరు, గాలి, తగిన వెచ్చదనం తప్పనిసరి. వీటికి తోడు కొన్ని గింజలకు వెలుగు కావాలి. ఎరుపు కాంతి పడితే మొలిచి, దూరపు ఎరుపు కాంతి పడితే ఆగిపోయే లెట్యూస్ గింజల మీద అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం 1952లో ప్రయోగాలు ప్రచురించింది. గింజలో వెలుగును గుర్తించే ఆ వర్ణకానికి తర్వాత ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. సన్నని గింజలే ఎక్కువగా వెలుగు కోరుకోవడంలో అర్థముంది. వాటిలో నిల్వ ఉన్న ఆహారం కొద్ది. లోతున మొలిస్తే పైకి చేరకముందే అది అయిపోతుంది. వెలుగు తగిలిందంటే పైనే ఉన్నానని గింజకు తెలిసినట్టు.

సైజును బట్టి లోతు

గ్రాము బంతి విత్తనంలో గింజలు మూడు వందల పైచిలుకు. అదే గ్రాము పెటూనియాలో దాదాపు పదివేలు. కుండీ బెగోనియాలో అయితే అరవై, డెబ్బై వేల దాకా ఉంటాయి. చిటికెడు బెగోనియా గింజ అరచేతిలో పోసుకుంటే గోధుమరంగు దుమ్ములా ఉంటుంది, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది.

గింజ మందానికి రెండు మూడు రెట్లు లోతున నాటడం అందరూ పాటించే లెక్క. చంద్రకాంత, శంఖుపుష్పం గింజలను వేలి మొదటి కణుపులో సగం దాకా దించవచ్చు. బంతి, జినియాలకు పావు అంగుళం మట్టి చాలు. పెటూనియా, గడ్డిగులాబీ, బెగోనియాలను అసలు కప్పకూడదు. తడి మట్టిమీద చల్లి, చదునైన చెక్కతో మెల్లగా అద్దితే సరిపోతుంది. సన్న గింజను సమంగా చల్లడానికి, నువ్వులు విత్తే రైతు చేసినట్టే, పొడి ఇసుకలో కలిపి చల్లుతారు.

ఏ కాలంలో ఏది

తొలకరి మొదలుకొని ఆషాఢం, శ్రావణం దాకా బంతి, బాల్సం, సీతజడ, జినియా, శంఖుపుష్పం, కాశీరత్నం నాటడానికి అనువైన రోజులు. జూన్, జూలైలలో పోసిన బంతి నారు దసరా, దీపావళి నాటికి పూస్తుంది. సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలు కావాలంటే సెప్టెంబరు చివర, అక్టోబరులో మళ్ళీ పోయాలి. పగటి పొద్దు తగ్గేకొద్దీ బంతి త్వరగా మొగ్గ తొడుగుతుంది.

పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్, పాన్సీ చలికాలపు పూలు. వీటి నారు సెప్టెంబరు, అక్టోబరులలో పోస్తే డిసెంబరు నుంచి పూస్తాయి. తెలంగాణ పీఠభూమిలో చలి కాస్త నిలుస్తుంది కాబట్టి కోస్తా ఊళ్ళలో కంటే అక్కడ ఎక్కువ రోజులు ఉంటాయి. ఎండ ముదిరే ఫిబ్రవరి, మార్చిలలో గడ్డిగులాబీ, బిళ్ళగన్నేరు, జినియా నిలబడతాయి. మే నెల ఎండలో మాత్రం నారు పోయడం వృథా శ్రమ.

మట్టి, పాత్ర

నారుకు కావలసింది బలమైన మట్టి కాదు, గుల్లగా ఉండి నీరు నిలవని మట్టి. కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, జల్లెడ పట్టిన వర్మికంపోస్టు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపితే చాలా గింజలకు సరిపోతుంది. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. దాన్ని నీళ్ళలో నానబెట్టి, రెండు మూడుసార్లు పిండి పారబోశాకే వాడాలి. మాగని పశువుల ఎరువు వేస్తే అది మగ్గేటప్పుడు పుట్టే వేడికి మొలక మాడుతుంది.

నర్సరీలలో 98 గుంటల ప్రోట్రేలు వాడతారు. రాజమహేంద్రవరం దగ్గరి కడియం ప్రాంతపు నర్సరీలకు వెళితే బారులు తీరిన ఈ ట్రేలు కనిపిస్తాయి. ఇంట్లో అయితే అడుగున బెజ్జాలు చేసిన పెరుగు డబ్బా, కాగితపు టీ కప్పు, స్వీటు పెట్టె ఏదైనా పనిచేస్తుంది. బెజ్జం లేని పాత్ర మాత్రం పనికిరాదు.

నారు పోయడం: బంతి ఉదాహరణ

బంతి గింజ సెంటీమీటరుకు లోపు పొడవున్న సన్నని నల్ల పుల్ల. ఒక కొసన గడ్డిరంగు కుచ్చు ఉంటుంది. ముందుగా మట్టిని తడిపి, నీరు ఓడిపోయాక, గింజలను వేలెడు ఎడంగా పడుకోబెట్టి పైన పలుచగా మట్టి చల్లుతారు. ట్రేను నీళ్ళ పళ్ళెంలో పెడితే తడి అడుగునుంచి పైకి పాకుతుంది. పైనుంచి పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. చీమలు గింజలు మోసుకుపోకుండా ట్రేను ఇటుకల మీద ఎత్తి, ఇటుకలను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టడం పాత కిటుకు.

నాలుగో రోజో అయిదో రోజో మట్టి చిట్లి, లేత ఎరుపు చారల కాడ వంకీ కనిపిస్తుంది. మరుసటి పూటకు నిటారుగా లేచి, రెండు సన్నని బీజదళాలు విప్పుతుంది. గింజ తొడుగు కొన్నిటి కొసన నల్ల టోపీలా అంటుకుని ఉంటుంది. దాన్ని గోటితో లాగితే మొలక తల ఊడివస్తుంది, తడి వేలితో తాకి వదిలితే తనే జారిపోతుంది. పది పన్నెండు రోజులకు రంపపు అంచుల అసలు ఆకులు వస్తాయి. నలిపి చూస్తే అప్పుడే బంతి వాసన.

మొలక కనబడిన పూటే పైన కప్పిన కాగితం తీసి, ట్రేను వెలుగులోకి మార్చాలి. ఇంట్లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. చీకటి మూలన రెండు రోజులు మరిచిపోతే మొలకలు బారుగా సాగి, పాలిపోయి, వాలిపోతాయి. రెండు జతల అసలు ఆకులు వచ్చాక 19-19-19 ఎరువును లీటరు నీటికి అర గ్రాము కలిపి వారానికోసారి ఇవ్వవచ్చు. నాటడానికి వారం ముందునుంచి నీరు తగ్గించి, రోజుకు కాస్త ఎక్కువ ఎండ చూపిస్తే నారు గట్టిపడుతుంది. నెల లోపు నారును సాయంత్రం పూట కుండీలోకి మారుస్తారు. మొక్క నిలదొక్కుకున్నాక తల తుంచితే మొదటి పువ్వు కొన్ని రోజులు ఆలస్యమవుతుంది, పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి.

నారుకుళ్ళు

మొన్నటిదాకా పచ్చగా ఉన్న మొలకలు మట్టి మట్టాన కాడ నల్లబడి, కొరికినట్టు సన్నబడి, గుంపుగా పడిపోతే అది నారుకుళ్ళు తెగులు. పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవుల పని ఇది. ఒత్తుగా పోసిన నారు, ఎప్పుడూ తడిసి ఉండే మట్టి, గాలి ఆడకపోవడం దానికి దారులు. పడిపోయిన మొలక మళ్ళీ లేవదు. చుట్టుపక్కల వాటిని కాపాడటానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మట్టి తడుపుతారు. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని ముందే మట్టిలో కలపడం ఇంటివారికి సులువు. అన్నిటికంటే మంచి మందు పైపొర కాస్త ఆరాకనే మళ్ళీ తడపడం.

ముఖ్యమైన మొక్కలు

శంఖుపుష్పం: గింజ పైపొర నీటిని లోపలికి రానివ్వదు. గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి ఉబ్బుతుంది. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దాలి. చిక్కుడు కుటుంబపు తీగ కాబట్టి వేరుబుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని దానికి అందిస్తుంది, ఎరువు ఎక్కువ అడగదు. తీగ పాకడానికి పురికొస కట్టినా చాలు. కాశీరత్నం గింజకూ ఇదే నానబెట్టే పద్ధతి.

చంద్రకాంత: మిరియం లాంటి నల్లని ముడతల గింజ. వారం, పది రోజులలో మొలుస్తుంది. భూమిలో దుంప వేరు పెంచుకుంటుంది కనుక పెద్ద కుండీ కావాలి. సాయంత్రం నాలుగు దాటాక పువ్వు విప్పుతుంది. గింజ, వేరు విషం కాబట్టి పసిపిల్లలకు అందనీయరాదు. మెండెల్ సూత్రాలను 1900లో తిరిగి వెలికితీసిన వారిలో ఒకరైన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కారెన్స్ ప్రయోగాలకు ఈ మొక్కనే వాడాడు. ఎర్ర పూల మొక్కకూ తెల్ల పూల మొక్కకూ పుట్టిన సంతానం గులాబీ రంగులో పూసింది. ఆ గులాబీ మొక్కల గింజలు నాటితే ఎరుపు ఒక వంతు, గులాబీ రెండు వంతులు, తెలుపు ఒక వంతుగా తేలాయి. ఇంటి పెరట్లో నిరుడు లేని రంగు ఈ ఏడు పూయడానికి కారణం ఈ లెక్కే.

బాల్సం: కొన్నిచోట్ల దీన్ని గోరింటపూల మొక్క అంటారు. కాయ నూగుతో ఉబ్బిన చిన్న కదురులా ఉంటుంది. ముదిరిన కాయను వేళ్ళమధ్య పట్టుకుంటే చిటుక్కున పగిలి, తొడుగు అయిదు చీలికలై స్ప్రింగులా చుట్టుకుపోతుంది, గోధుమరంగు గింజలు అడుగు దూరం చిందుతాయి. గింజ పట్టాలనుకునేవారు పగలకముందే కాయమీద కాగితం సంచి తొడుగుతారు. నీడపట్టునా పూస్తుంది, నీరు తగ్గితే వెంటనే తల వాలుస్తుంది.

కనకాంబరం: ఎండిన కంకిమీద వాన చినుకు పడితే కాయలు టపటపా పేలి గింజలు విసురుతాయి. తాజా గింజ బాగా మొలుస్తుంది, పాతబడితే మొలక తగ్గుతుంది. మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ‘ఢిల్లీ కనకాంబరం’గా అమ్మే రకం మూడు సెట్ల క్రోమోజోములున్న గొడ్డు మొక్క. దానికి గింజ కట్టదు, కొమ్మతోనే పెంచాలి.

బిళ్ళగన్నేరు: చీకటిలోనే బాగా మొలుస్తుంది కాబట్టి గింజను మట్టితో కప్పి, ట్రేమీద నల్లని కాగితం వేస్తారు. వేళ్ళదగ్గర నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది. క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు ఈ మొక్క నుంచి వచ్చినవే. అందువల్లనే ఆకు నమలడం ప్రమాదం.

గడ్డిగులాబీ: కాయకు గిన్నెమూతలాంటి మూత ఉంటుంది. పండగానే మూత ఊడి, లోపల ఉక్కురంగు సన్న గింజలు మెరుస్తాయి. ఎర్రని ఎండ, ఇసుక కలిసిన మట్టి ఉంటే చాలు.

గది లోపల పెరిగేవి

ఆఫ్రికన్ వయొలెట్ ఇప్పటి టాంజానియాలోని ఉసంబారా కొండలది. అక్కడ జర్మన్ అధికారిగా ఉన్న వాల్టర్ వాన్ సెయింట్ పాల్ 1892లో దీన్ని సేకరించి తండ్రికి పంపాడు. హెర్మన్ వెండ్‌లాండ్ 1893లో ఆ కుటుంబం పేరుమీదనే సెయింట్‌పాలియా అని నామకరణం చేశాడు. 1920లలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక నర్సరీ యూరప్ నుంచి తెప్పించిన గింజలు మొలిపించి, వచ్చిన మొక్కల నుంచి ఏరిన పది రకాలు అమెరికాలో ఈ మొక్కకు ఆదరణ తెచ్చాయి. దీని గింజ ధూళి. తడి కోకోపీట్ మీద చల్లి, పారదర్శకమైన మూత పెట్టి, 20 నుంచి 24 డిగ్రీల వేడిలో ఉంచితే రెండు మూడు వారాలలో పచ్చని చుక్కలుగా మొలుస్తుంది. పూయడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు ఆగాలి. కిటికీ వెలుగు చాలకపోతే ఎల్‌ఈడీ దీపం కింద పెంచుతారు. కోస్తా వేసవిలో దీన్ని నిలపడం కష్టం.

గింజతో కానివి

మల్లెకు మన ఇళ్ళలో సాధారణంగా కాయ కట్టదు. కొమ్మ, అంటుతోనే పెరుగుతుంది. ముద్దమందారానికీ కొమ్మే దారి. గులాబీ గింజ మొలిచినా తల్లి పువ్వు రాదు. చామంతిని పిలకలతో పెంచుతారు. ఆర్కిడ్ గింజలో నిల్వ ఆహారమే ఉండదు, అడవిలో అది శిలీంధ్రం సాయంతో మొలుస్తుంది. అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో చక్కెర కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే మొలిపించి చూపాడు. అది ప్రయోగశాల పని, వంటింటి గట్టుమీద అయ్యేది కాదు.

గింజ పట్టడం, దాచడం

దసరా గుమ్మానికి కట్టిన బంతి తోరణం ఎండాక నలిపి కుండీలో చల్లడం చాలా ఇళ్ళలో అలవాటు. మొలకలు కొన్నే రావడంలో వింత లేదు. దండకు కోసే పువ్వు నిండుగా విచ్చిన దశలోనిది, దానిలో గింజ ఇంకా పాలు పోసుకోలేదు. గింజ కోసం వదిలిన పువ్వు మొక్కమీదే వాడి, కింది తొడిమ గోధుమరంగుకు తిరగాలి. అప్పుడు కోసి, నీడలో ఆరబెట్టి, నల్లని లావు గింజలే ఏరాలి.

పొట్లం మీద సంకర రకం అని ఉంటే దాని గింజ మరుసటి తరంలో తల్లిని పోలదు. ఎత్తు, రంగు, ముద్దతనం చెదురుతాయి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా నారంగి గేందా, పూసా బసంతి గేందా వంటివి సంకరాలు కాని బంతి రకాలు. దగ్గరలో వేరే బంతి లేకపోతే వీటి గింజ తల్లి పోలికనే ఇస్తుంది.

నిల్వలో గింజకు శత్రువులు రెండు: తేమ, వేడి. గింజలోని తేమ ఒక శాతం తగ్గితే ఆయువు రెట్టింపవుతుందనీ, నిల్వ వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్ళీ రెట్టింపవుతుందనీ విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన ఉజ్జాయింపు సూత్రం. బాగా ఆరిన గింజను కాగితం పొట్లంలో కట్టి, పేరూ తేదీ రాసి, సిలికా జెల్ పొట్లంతో సహా బిగుతు మూత డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది. పాత గింజను నారు పోసేముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడాలి. వారంలో ఏడెనిమిది మొలిస్తే మంచి విత్తనం. మూడు నాలుగే మొలిస్తే ఒత్తుగా చల్లాలి. ఒక్కటీ మొలవకపోతే ఆ పొట్లం పారేసి, ఈ ఏడాది పూసే మొక్కమీద ఒకటి రెండు పూలను కోయకుండా గింజకు వదిలేయాలి.